ఖాళీ విభాగం

లంక రేవుల నిర్వహణ మండలి చేసే పనిని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ మండలి చేసే పనే ఒక్క వాక్యం. మల్లెలపాడు రేవు నుంచి ఎర్రలంకకు ఇవాళ పంటు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా నడుస్తుందో పొద్దున్నే లోకానికి తెలియజేయడం. ఇందుకోసం మండలికి ఒక అధ్యక్షుడు, ఒక డైరెక్టరు, ఆయన కింద బోలెడన్ని విభాగాలు, మూడంతస్తుల భవనం, దాని ముందు కార్లు నిలుపుకోవడానికి రేకుల షెడ్డు ఉన్నాయి.

పంటు అంటే రెండు పడవలను జతచేసి, పైన బల్లలు పరిచి, ఇంజను తగిలించిన వాహనం. మనుషులు, మోటారు సైకిళ్లు, అరటి గెలలు, గేదెలు, పెళ్లివారు, అందరూ దానిమీదే దాటాలి. ఆ గోదావరి పాయ సముద్రానికి బాగా దగ్గర. పోటు మీద నీళ్లు నిండుగా ఉంటాయి, పాటు తీస్తే నడిమధ్యలో ఇసుక తేలుతుంది. ఈ పోటుపాట్ల వేళలు రోజురోజుకీ జరుగుతుంటాయి కాబట్టి పంటు వేళలు కూడా రోజూ మారతాయి. గోదావరికి ఈ అలవాటు మండలి పుట్టక ముందు నుంచీ ఉంది.

మట్టపర్తి తాతాజీ ఆ మండలిలో వెబ్‌సైటు చూసే కాంట్రాక్టు ఉద్యోగి. కుర్రవాడే. పోయిన తాతగారి పేరు పెట్టుకుని, ఆ పేరుతో పిలవడానికి ఇంట్లో నోరు రాక తాతాజీ అన్నారు, అదే రికార్డుల్లోకెక్కింది. తెల్లవారగానే పంటు నడిపే సరంగు పోలయ్య అతనికి ఫోను చేసేవాడు.

"ఆయ్, ఇయ్యాల పొద్దున్నే ఎక్కేసిందండి నీరు. పదిన్నర దాకా తిప్పుతాను. మళ్లీ మూడింటికేనండి."

తాతాజీ ఆ ముక్కని సైటులో అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో పెట్టేవాడు. అవతల లంకలోనూ ఇవతల మల్లెలపాడులోనూ జనం ఫోను తెరిచి చూసుకుని బయల్దేరేవారు. తాతాజీ భార్య సత్యవేణి ఎర్రలంక ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం. రోజూ పంటు దాటి వెళ్లాలి. బుధవారాలైతే మల్లెలపాడు ఆసుపత్రి నుంచి చంటిపిల్లల టీకా మందుల పెట్టె పట్టుకు వెళ్లాలి. పెట్టెలో ఐసు ఉన్నంతసేపే మందుకి ప్రాణం. ఐసు కరిగిందా, తెచ్చిన మందు పారబోసుకోవడమే, లంకలో తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఉత్తచేతులతో వెనక్కి పోవడమే. అందుకని ఆమె సైటు చూడందే గడప దాటేది కాదు. మొగుడు పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నా అతన్ని అడిగేది కాదు.

"మీరు నిద్రమొహంతో ఏదో ఒకటి అనేస్తారండి. సైటులో అయితే చూసి పెడతారు కదా" అనేది.

ఆ మాటకి తాతాజీ లోలోపల పొంగిపోయేవాడు. తన చేతి మీదుగా వెళ్లిన ఒక్క వాక్యం పట్టుకుని రెండు ఒడ్ల జనం నది దాటుతున్నారంటే ఎవరికి మాత్రం సంతోషంగా ఉండదు? సైటు మీద ఏనాడూ ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు రాని పని మీద పై అధికారుల దృష్టి పడదు. పడకుండా ఉంటే ఎంతో బాగుండేది.

ఆ ఎండాకాలం రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రభుత్వ సైటులన్నిటికీ కొత్త ఎడిటరు వస్తోందనీ, ఇక మీదట రాసేదంతా బ్లాకులుగా రాయాలనీ, సైటుల థీములను దానికి అనుకూలంగా మార్చుకోవాలనీ అందులో ఉంది. థీము అంటే సైటుకి గోడలూ రంగులూ అన్నమాట. కొత్త ఎడిటరులో శీర్షిక ఒక బ్లాకు, పేరా ఒక బ్లాకు, బొమ్మ ఒక బ్లాకు, నొక్కే బటను ఒక బ్లాకు. రెంటి మధ్య కాస్త ఖాళీ కావాలన్నా దానికీ ఒక బ్లాకు. పాత థీముకి ఈ సంగతి తెలియదు కాబట్టి ఒకచోట బొమ్మ పక్కకి జరుగుతుంది, ఇంకోచోట అక్షరాలు గోడకి అంటుకుంటాయి. కాస్త సర్దితే సరిపోతుంది. తాతాజీ అదే నోటు రాసి పంపాడు: వారం రోజుల పని, అదనపు ఖర్చు లేదు.

డైరెక్టరు ఉప్పులూరి జగదీశ్వరరావు గారు ఆ నోటు చదివి అతన్ని పిలిపించారు.

"వారమా?" అన్నారు, ఎవరో చనిపోయారన్న వార్త విన్నట్టు. "రాష్ట్రం యావత్తూ కదిలిపోతున్న ఒక పరివర్తనని నువ్వు వారంలో ముగించేస్తానంటున్నావు. పైవాళ్లు ఏమనుకుంటారు? ఈ మండలికి గాంభీర్యం లేదనుకోరూ?"

"చిన్న పనేనండి..."

"ప్రభుత్వంలో చిన్న పని ఉండదయ్యా. చిన్నగా ఆలోచించే సిబ్బంది ఉంటారు."

డైరెక్టరు గారు రెండు రోజుల కార్యశాలకు రాజధాని వెళ్లారు. పెద్ద హోటల్లో జరిగింది. తిరిగొచ్చేసరికి ఆయన కళ్లలో వెలుగు, చేతిలో ఒక జ్ఞాపిక ఉన్నాయి. మర్నాడు సిబ్బందిని సమావేశపరిచి మాట్లాడారు.

"మిత్రులారా! ఇంతకాలం మనం పేజీ అనే భ్రమలో బతికాం. పేజీ అనేది లేదు. బ్లాకులే ఉన్నాయి. ఈ మహత్తర సత్యాన్ని నేను ముప్పై ఏళ్ల సర్వీసులో ఇప్పుడు గ్రహించాను. ఒక పేజీకి ఒక్కడు బాధ్యుడు అనేది పాత పద్ధతి. ప్రతి బ్లాకూ ఒక స్వతంత్ర వ్యక్తిత్వం గల అంశం. కాబట్టి ప్రతి బ్లాకుకీ ఒక బాధ్యతాయుతమైన అధికారి ఉండి తీరాలి."

చప్పట్లు మోగాయి. తాతాజీ కూడా కొట్టాడు. కాంట్రాక్టు రెన్యువల్ ఆషాఢంలో ఉంది.

వారం తిరక్కుండా ఉత్తర్వులు వెలువడ్డాయి. శీర్షిక బ్లాకు పరిపాలన విభాగానికి వెళ్లింది. పేరా బ్లాకు ఇంజనీరింగు వారికి, బొమ్మల బ్లాకు ప్రజా సంబంధాల వారికి, బటను బ్లాకు లెక్కల విభాగానికి ఇచ్చారు. జనం బటను నొక్కితే ఏదైనా ఖర్చవుతుందేమోనని లెక్కల వారి భయం. అన్నీ పంచగా ఖాళీ బ్లాకు మిగిలింది. దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఏమీ లేని దానికి సంతకం పెడితే రేపు ఆడిట్లో ఏం చూపించాలని అందరూ జారుకున్నారు. చివరికి దాన్ని సూపరింటెండెంటు అవతారం గారి నెత్తిన వేశారు.

చెల్లుబోయిన అవతారం గారికి రిటైర్మెంటు దగ్గర పడింది. చాలాకాలంగా ఆయన బల్ల మీదికి ఫైలు రావడం మానేసింది. పొద్దున్న వచ్చి పేపరు మడతలు సరిచేసి, మధ్యాహ్నం క్యారేజీ విప్పి, సాయంత్రం గొడుగు తీసుకుని వెళ్లిపోయేవారు. ఖాళీ బ్లాకు ఉత్తర్వు అందుకున్న రోజు ఆయన గొడుగు మర్చిపోయి వెళ్లారు. రాత్రంతా ఆలోచించి ఉంటారు. మర్నాడు ఒక ప్రశ్నతో వచ్చారు: రెండు బ్లాకుల మధ్య ఏముంటుంది?

ఖాళీ ఉంటుంది. ఏ రెండు బ్లాకుల మధ్యయినా ఉంటుంది. అంటే శీర్షిక వారు పేరా వారిని చేరాలన్నా, పేరా వారు బొమ్మల వారిని చేరాలన్నా దారి ఆయన గదిలోంచే. ఇది తేలేసరికి మిగతా అధికారులకు ముచ్చెమటలు పోశాయి గానీ అప్పటికే ఉత్తర్వు మీద సంతకాలయిపోయాయి.

నెల తిరక్కుండా అవతారం గారికి ప్రత్యేక గది, ఏసీ, గుమ్మం దగ్గర స్టూలు మీద ఒక అటెండరు వచ్చారు. తలుపు మీద 'ఖాళీ విభాగం' అని ఇత్తడి పలక వెలిసింది. పోలయ్య చెప్పిన పంటు వేళ పట్టుకుని తాతాజీ మొదటిసారి ఆ గదిలోకి వెళ్లాడు.

"శీర్షికా, పేరా ఆమోదం అయ్యాయండి. మధ్యలో తమరి ఖాళీ ఒక్కటే మిగిలింది."

"ఎంత ఖాళీ ప్రతిపాదించారు?"

"ఎప్పుడూ ఉండేదేనండి. ఒక వేలెడు."

అవతారం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తాతాజీ, నువ్వు వయసులో ఉన్నావు, తొందరపడతావు. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం అనుకుంటున్నావు. అది పామరుల అభిప్రాయం. ఏమీ లేదని అధికారికంగా నిర్ధారించడం ఖాళీ. నేను స్వయంగా పరిశీలించి, అందులో నిజంగానే ఏమీ లేదని తృప్తి చెందాకే కదా సంతకం పెట్టాలి?"

"పంటు వెళ్లిపోతుందండి."

"వెళ్లనీ. నిబంధనలు ఎక్కడికీ వెళ్లవుగా."

ఆయన తృప్తి చెందేసరికి మధ్యాహ్నం రెండయింది. పొద్దున్న ఆరింటికి పంటు ఉందన్న వాక్యం సాయంత్రం నాలుగింటికి సైటులో వెలిసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు బొమ్మల వారు అధ్యక్షుల వారి నిలువెత్తు ఫొటో పెట్టారు. దాని గౌరవానికి తగినట్టు పైనా కిందా ఖాళీ పెంచారు అవతారం గారు. పంటు వేళ కింద ఎక్కడో పడింది. దాని కోసం లంక జనం ఫోనుని వేలితో తోసుకుంటూ తోసుకుంటూ వెళ్లాల్సి వచ్చేది, అక్కడికి చేరేసరికి కనిపించేది నిన్నటి వేళ.

సత్యవేణి రెండు రోజులు రేవులో ఎండలో నిలబడి వచ్చింది. మూడో రోజు చెప్పులు విడవకుండానే అడిగింది.

"ఏవండీ, నాకు తెలియక అడుగుతాను. పంటు ఉందో లేదో చెప్పడానికి మీ ఆఫీసులో ఎంతమంది కావాలండి? పోలయ్య గారు రేవులోంచి ఒక్క కేక వేస్తే వినపడుతోందండి అవతలి ఒడ్డుకి."

"పాత పద్ధతి పోయింది, సత్యా. ఇప్పుడు బ్లాకులు."

"ఆ బ్లాకులు నా పెట్టెలో ఐసుకి కూడా చెప్పండి. కాస్త ఆగి కరగమనండి."

మర్నాటి నుంచి పోలయ్య ఫోను రాగానే ఆ వేళని ముందు పెళ్లానికి చెప్పేవాడు, తర్వాత ఫైలు పెట్టేవాడు. సత్యవేణి రేవులో నిలబడ్డవాళ్లకి చెప్పేది. వాళ్లు లంకలో వాళ్లకి ఫోన్లు చేసేవాళ్లు. పది రోజుల్లో సంగతి ఆఫీసుకి పాకింది. తాతాజీకి మెమో వచ్చింది. ఆమోదం పొందని సమాచారాన్ని తన భార్య ద్వారా, అనగా మండలి అధీనంలో లేని మరియు బ్లాకులకు అనుకూలం కాని మాధ్యమం ద్వారా, ప్రచురించినందుకు అతనిపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలని అడిగారు. కాంట్రాక్టు రెన్యువల్ సమయంలో సదరు విషయం పరిగణించబడుతుందని చివరి వాక్యం.

మెమో చదివి సత్యవేణి పడీ పడీ నవ్వింది. తాతాజీకి మాత్రం నవ్వు రాలేదు.

జాప్యం గురించి ఫిర్యాదులు పెరిగాయి. డైరెక్టరు గారు వాటిని తేలిగ్గా తీసుకోలేదు. తలుపులు మూసుకుని ఎడిటరు గైడు ఆమూలాగ్రం చదివి, ఒక విశేషం కనిపెట్టారు. ఒక బ్లాకుని ఒకసారి తయారుచేసి దాచుకుంటే దాన్నే ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఎవరూ మార్చకుండా తాళం కూడా వేయొచ్చు.

"రోజూ కొత్త వాక్యం ఎందుకు?" అన్నారు సమావేశంలో. "అన్ని రోజులకీ సరిపోయే వాక్యాన్ని ఒక్కసారి ఆమోదించుకుంటే, జాప్యమే ఉండదు."

ఆ వాక్యం కోసం ఉపసంఘం కూర్చుంది. అన్ని విభాగాల సంతకాలతో ఆమోదమైంది: 'పంటు యథావిధిగా నడుస్తుంది.' ఆకుపచ్చ రంగు వేసి, తాళం వేశారు. తాళం తీయాలంటే మళ్లీ అందరి సంతకాలూ కావాలి.

తాతాజీ ధైర్యం చేసి లేచాడు. "అయ్యా, పోటుపాట్లు రోజూ మారతాయండి. యథావిధి అన్నది గోదారికి లేదండి."

డైరెక్టరు గారు అతనివైపు జాలిగా చూశారు. "ఇది గోదావరి వైపు అనుకూలత లోపం. మన థీము లోపం కాదు. ఈ విషయమై సంబంధిత సముద్ర అధికారులకు లేఖ రాస్తున్నాం."

నిజంగానే రాశారు. పోటు వేళలను పనిదినాల్లో ఉదయం పది నుంచి ఐదు వరకు క్రమబద్ధం చేసే అవకాశం పరిశీలించవలసిందిగా కోరారు. జవాబు ఇంకా రాలేదు.

ఇంతలో రాష్ట్రంలో మొట్టమొదట సంపూర్ణంగా బ్లాకులకు మారిన సంస్థగా మండలికి పురస్కారం ఖాయమైందని కబురొచ్చింది. కొత్త సైటు ప్రారంభోత్సవం లబ్ధిదారుల మధ్య, అంటే ఎర్రలంకలో జరపాలనుకున్నారు. అధ్యక్షుల వారికి ఖాళీ దొరికిన రోజు బుధవారం, వేళ ఉదయం పదకొండు. ఆ రోజు అమావాస్య.

ముందు రోజు సాయంత్రం పోలయ్య ఆఫీసుకే వచ్చాడు.

"అమాస పాటండి. పదింటికల్లా నీరు లాగేస్తాది. పదకొండింటికి ఎత్తితే నడిమజ్జన కూకుంటామండి ఆయ్. పొద్దున్నే ఏడింటికి దాటించేస్తాను, రమ్మనండి."

తాతాజీ అతన్ని వెంటబెట్టుకుని డైరెక్టరు గారి గదికి వెళ్లాడు. ఆయన కంప్యూటరు తెర వాళ్లవైపు తిప్పారు. అందులో ఆకుపచ్చగా 'పంటు యథావిధిగా నడుస్తుంది' అని ఉంది.

"ఇది మండలి అధికారిక స్థితి. దీన్ని మార్చాలంటే మూడు వారాలు పడుతుంది. పంటు నడపడానికి అరగంట చాలు. ఏది తేలికో మీరే చెప్పండి."

పోలయ్య చేతిలో అక్కడికక్కడే ఒక మెమో పెట్టారు. సైటు ప్రకారం పంటును యథావిధిగా నడుపవలెను. పోలయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నాకేవుందండి, నడిపేత్తాను. అది నడవాలి కదండీ" అని వెళ్లిపోయాడు.

తాతాజీ ఇంటికొచ్చి సత్యవేణితో ఏడింటి పంటుకే దాటిపొమ్మన్నాడు. కానీ బుధవారం పొద్దున్న ఏడింటికి పంటు కదల్లేదు. బంతిపూల దండలూ, ఫ్లెక్సీలూ కడుతున్నారు. అధ్యక్షుల వారు వచ్చేదాకా మామూలు జనాన్ని ఎక్కించొద్దని ప్రజా సంబంధాల వారి ఆదేశం. తొమ్మిదిన్నరకి సత్యవేణి రేవులోంచి ఫోను చేసింది. ఆఫీసులో తాతాజీ తప్ప ఎవరూ లేరు, అందరూ రేవుకే వెళ్లారు.

"ఎక్కొద్దు, సత్యా. నీరు తీసేస్తోంది. మధ్యలో ఆగిపోతుంది."

"ఎక్కకపోతే మళ్లీ పోటు ఎప్పుడండి? సాయంత్రం ఐదు. అప్పటిదాకా ఐసు ఆగదు. అక్కడ తల్లులు పిల్లల్ని తీసుకుని వచ్చి కూర్చున్నారండి, పోయిన బుధవారం కూడా ఇలాగే అయింది. ఎక్కుతాను. మీ సైటు చెప్పింది ఒక్కరోజైనా నిజం కాకపోద్దా?"

తాతాజీకి ప్రాణం చచ్చిపోయినట్టయింది. ఆ సైటు చూసే కదా ఇన్నేళ్లూ ఆమె గడప దాటింది!

పదకొండూ పావుకి పంటు బాజాలతో బయల్దేరింది. పదకొండున్నరకి, సరిగ్గా పోలయ్య చెప్పినచోట, నడిమజ్జన ఇసుకలో కూర్చుంది. చుట్టూ మోకాటి లోతు నీళ్లు, కింద ఊబి, పైన మిట్టమధ్యాహ్నపు ఎండ. దిగి నడవడానికి లేదు. షామియానా బట్ట అవతలి ఒడ్డున ఉంది.

డైరెక్టరు గారు ముందు జిల్లా కంట్రోలు రూముకి ఫోను చేశారు. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు. సైటు తెరిచి చూసి, "సార్, మీ సైటులో పంటు యథావిధిగా నడుస్తోందని ఉందండి. నడుస్తున్న పంటుకి సహాయక బోటు పంపడానికి మాకు నిబంధనలు ఒప్పుకోవండి. మీరు సైటు మార్పించండి, వెంటనే పంపేస్తాం" అన్నాడు.

ఆ తర్వాత తాతాజీకి ఫోను వచ్చింది.

"తాతాజీ! అర్జంటుగా సైటులో పంటు ఆగిందని పెట్టు."

"చిత్తమండి. తాళం తీయడానికి అందరి సంతకాలూ కావాలండి."

డైరెక్టరు గారి గొంతులో ఉత్సాహం పొంగింది. "అందరం ఇక్కడే ఉన్నాం కదయ్యా! ఫోను స్పీకరులో పెడుతున్నాను. సమావేశం ప్రారంభిస్తున్నాం. నువ్వు మినిట్స్ రాసుకో."

తాతాజీ రాసుకున్నాడు. పరిపాలన విభాగం వారు 'ఆగింది' అనే మాట మండలి ప్రతిష్ఠకు భంగకరమని, 'తాత్కాలిక విశ్రాంతి స్థితిలో ఉంది' అనాలని సూచించారు. ఇంజనీరింగు వారు ఒప్పుకోలేదు. పంటు విశ్రాంతి తీసుకోలేదని, నీరే తన స్థానం నుంచి వైదొలగిందని, కాబట్టి బాధ్యత నీటిదని రికార్డు చేయించారు. లెక్కల వారు ఏ బటనూ ఉండకూడదన్నారు. అరగంట గడిచింది. వాక్యం తేలింది. అందరూ అవతారం గారి వైపు తిరిగినట్టున్నారు.

"రెండు బ్లాకులు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి" అన్నారు అవతారం గారు. "ఒకటి నడుస్తోందంటోంది, ఒకటి విశ్రాంతి అంటోంది. ఇలాంటి వాటి మధ్య మామూలు ఖాళీ చాలదు. పైది కింది దాన్ని చూడలేనంత ఖాళీ కావాలి. ఎంత అన్నది నేను పరిశీలించాలి. నా కళ్లజోడు జీపులో ఉంది."

"జీపెక్కడుంది?" అన్నారు అధ్యక్షుల వారు.

"మల్లెలపాడు రేవులో."

అంతలో ఇంకో గొంతు, ప్రజా సంబంధాల అధికారిది. "అమ్మా, ఆ పెట్టెలో ఐసు ఉన్నట్టుందే. అధ్యక్షుల వారికి కొబ్బరినీళ్లు వెచ్చబడ్డాయి. రెండు ముక్కలు..."

"అది పిల్లల మందండి. చెయ్యి తియ్యండి."

"పెద్దాయనమ్మా, ఎండకి తాళలేకపోతున్నారు..."

"చెయ్యి తియ్యండి అంటన్నాను!"

పెట్టె మూత చప్పుడు, బల్ల మీద ఎవరో కూలబడ్డ చప్పుడు వినిపించాయి. సత్యవేణి పెట్టె మీద కూర్చుందని తాతాజీకి తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఆమె గొంతు ఒక్కటే వినిపించింది, ఫోను పక్కకి వంగి అన్నట్టుగా.

"ఏవండీ! వింటన్నారా? నేను చెమటకి తడిసిపోయి కూర్చున్నాను. వీళ్లు ఖాళీ ఎంతో కొలుచుకుంటన్నారు. మీకు చేతనైతే ఆ పాత పేజీ పెట్టండి. చేతకాకపోతే చెప్పండి, నేను ఈదుకుంటూ పోతాను."

తాతాజీ మినిట్స్ రాస్తున్న కాగితం పక్కకి తోశాడు. అతనికి కోపం వచ్చింది. చాలాకాలంగా రావలసిన కోపం, అన్ని రోజులదీ ఒక్కసారే వచ్చింది. పాత థీము ఎక్కడికీ పోలేదు, సైటు మూలన పడి ఉంది. ఒక్క నొక్కుతో దాన్ని లేపాడు. బ్లాకులూ, ఫొటో, తాళం, ఆకుపచ్చ వాక్యం, ఖాళీలూ అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. అన్నిటికంటే పైన, గోడకి అంటుకున్న పెద్ద అక్షరాలతో ఒక వాక్యం వేశాడు.

'పంటు ఇసుకలో కూర్చుంది. టీకాల పెట్టె అందులో ఉంది. పడవలు తీసుకుని రండి.'

లంకలో ఎవరు ముందు చూశారో తెలియదు. పావుగంటలో గెడ కర్రలతో తోసుకుంటూ చిన్న నావలు వచ్చాయి. ఊబి ఎక్కడుందో ఎరిగినవాళ్లు కాబట్టి, నీళ్లు చాలనిచోట దిగి, నావని భుజాలతో లాక్కొచ్చారు. సత్యవేణినీ, పెట్టెనీ ముందు ఎక్కించుకున్నారు. డైరెక్టరు గారు కూడా ఎక్కబోయారు గానీ, సదరు నావలకు మండలి అనుమతి లేదన్న ఆయన ఉత్తర్వునే ఇంజనీరింగు వారు గుర్తు చేయడంతో, తన సంతకం మీద గౌరవం కొద్దీ ఆగిపోయారు. అధికారులు సాయంత్రం పోటు మీద, యథావిధిగా, ఒడ్డు చేరారు. అప్పటికి లంకలో పిల్లలు సూది ఏడుపు ఏడ్చి నిద్రపోయారు.

పురస్కారం వచ్చింది. ఎందుకు రాదు? ఆ మర్నాడే పాత థీముని పూర్తిగా తుడిచేసి కొత్త సైటుని తిరిగి నిలబెట్టారు. జరిగిన దానికి కారణం సైటులో ఖాళీ సరిపోకపోవడమేనని తేల్చి, ఖాళీని పదింతలు చేశారు. అవతారం గారికి రెండేళ్లు సర్వీసు పొడిగించారు. ఆమోదం లేని వాక్యం రాసినందుకు తాతాజీ మీద విచారణ వేశారు. విచారణాధికారి కూడా అవతారం గారే. రెన్యువల్ సంగతి ఆ నివేదికను బట్టి ఉంటుందన్నారు.

విచారణ రోజు అవతారం గారు కొత్త కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారు.

"నువ్వు రాసిన వాక్యం నిజమేనని సంజాయిషీలో రాశావు. అది ఈ విచారణ పరిధిలోకి రాదు. నన్ను అడగమన్నది ఒక్కటే. పేజీ అంచుకీ నీ వాక్యానికీ మధ్య ఖాళీ ఎంత వదిలావు?"

"ఏమీ వదల్లేదండి."

"ఏమీ?" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "ఒక వేలెడైనా? ఎందుకు వదల్లేదు?"

"చోటు లేదండి" అన్నాడు తాతాజీ. "అక్కడ మా ఆవిడ కూర్చుని ఉంది."

అవతారం గారు కలం తీసి, 'ఖాళీ: లేదు' అని రాసి, కింద సంతకం పెట్టారు. ఫైలు మిగతా విభాగాల ఆమోదానికి వెళ్లింది.